ఏడో గడి

దరఖాస్తులో ఏడో గడి:
ఏం చదివారు, ఎక్కడ, ఎన్ని మార్కులు.
పంతొమ్మిదేళ్లుగా నా చూపు
పేరు కంటే ముందు అక్కడే వాలుతుంది,
చేపల బుట్ట మీద నీటికాకిలా.

అవైరోలో మాది గోడపలకల ఫ్యాక్టరీ.
ఉప్పుమడుల మీంచి వచ్చే గాలికి
ఆఫీసు కిటికీ అద్దాలు ఎప్పుడూ మసకే.
ఆ మంగళవారం, తనిఖీ విభాగంలో ఒక్క ఖాళీకి
పదకొండు మంది.
పది గడుల్లో రసాయనం, యంత్రాలు, మళ్లీ యంత్రాలు.
పదకొండో దాంట్లో
సంగీత చరిత్ర.

"పలకలకి పాట నేర్పుతుందా?"
ఆమె కుర్చీ లాక్కోకముందే అన్నాడు అబీలియు.
వినపడే ఉంటుంది.
పేరు ఇరియా. ముప్ఫై దాటి ఉంటాయి.
"ఆరేళ్లు కాఫీ హోటల్లో కప్పులు కడిగాను" అంది,
దాచకుండా, అలాగని గొప్పగానూ కాదు.

నేను మామూలు ప్రశ్నే వేశాను:
మీ చదువుకీ మా పనికీ ఏమిటి సంబంధం?
ఈ ప్రశ్న వేసిన ప్రతిసారీ
నా నాలుక కింద ఒక చేపముల్లు కదులుతుంది.
అలవాటైపోయింది.

ఆమె జవాబు చెప్పలేదు.
బల్ల మీద నమూనా పలకలు ఆరు, నీలం పువ్వులవి.
అడక్కుండానే ఒక్కోటీ మునివేళ్ల మీద నిలబెట్టి
వేలి కణుపుతో తట్టింది,
సంతలో కుండ కొనే మనిషి తట్టినట్టు.
ఖంగు.
ఖంగు.
ఖంగు.
నాలుగోది టప్‌మంది.
"ఇది పగిలింది. పైకి కనపడదు."

అబీలియు దీపం కింద పెట్టి చూశాడు,
కళ్లజోడు మార్చి చూశాడు, ఏమీ లేదన్నాడు.
నీళ్లలో ముంచి తుడిచాం.
వెనకవైపు వెంట్రుకంత గీత
నల్లగా తేలింది.

ఇది మీ చదువులో నేర్పిందేనా అన్నాను.
"ఏమో. కప్పులు కడిగేచోట వచ్చిందేమో.
అన్నీ ఒకే చెవిలోకి పోతాయి కదండీ."

ఇక్కడ ఆగితే బాగుండేది కథ.
ఏ కాలేజీ గోడ మీదైనా రాసుకునేవారు.

ఉద్యోగం ఆమెకి రాలేదు.
మార్చిలో చెవులున్న యంత్రం ఒకటి వస్తోందట,
దాని పక్కన కూర్చోడానికి
ఏడో గడిలో యంత్రాలున్నవాడే కావాలన్నారు పైవాళ్లు.
నేను సంతకం పెట్టాను.
పెన్ను కూడా నాదే.
'మీ అర్హతలు మా అవసరాలకు సరిపోలేదు'
చేరిన ఏడాది నేనే కట్టిన వాక్యం అది,
ఇన్నేళ్లలో ఒక్క అక్షరం అరగలేదు.

వచ్చినవాడు దెలియు. మంచి కుర్రాడు.
యంత్రం దాని పని అది చేసుకుంటుంటే
చాటుగా రశీదుల వెనక
కోడిపుంజుల బొమ్మలు గీస్తాడు. బాగా గీస్తాడు.
అది ఏ గడిలోనూ రాసినట్టు గుర్తు లేదు.

కోటి విద్యలూ కూటి కొరకే, సరే.
ఏ విద్యకి ఏ కూడో
గడులు గీసినవాడికి తెలుసా?
నాకైతే తెలీదు,
గీసింది నేనే అయినా.

నేను చదివింది మలుగుచేపల వలస.
ఏ సముద్రంలో పుట్టి, ఏ కాలువ ఎక్కి,
ఎందుకు మళ్లీ చావడానికి అంత దూరం ఈదుతాయో
అయిదేళ్లు చదివాను.
నన్ను తీసుకున్నరోజు
నా ఏడో గడి మీద ఎవరిదో కాఫీ ఒలికిందట.
ఎవరూ చదవలేదు. అందుకే తీసుకున్నారేమో.
ఇన్నేళ్లలో ఆ చదువు ఒక్కసారి అక్కరకొచ్చింది:
క్యాంటీన్ లియోనిల్డి ఒక మలుగుని తెచ్చి
తాజాదేనా చూడమంది.
మొప్ప ఎత్తి చూసి, కాదన్నాను.
ఆ మధ్యాహ్నమంతా
నేను ఎవరినో నాకు గుర్తుంది.

ఆ నాలుగో పలక నా బల్ల మీదే ఉంది.
ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు దాని మీద కాఫీ కప్పు పెట్టి
నీలం పువ్వు బాగుందంటారు.
నేను వాళ్ల ఏడో గడి చూస్తూ
వాళ్ల వేళ్లు కూడా చూస్తుంటాను.
ఇంతవరకు ఎవరూ
తట్టి చూడలేదు.